మూతబడిన క్వారీలో ఏ మొక్కలు వేయాలి: బెంగళూరు చుట్టుపక్కల రాతినేలలకు సమగ్ర మార్గదర్శి

బెంగళూరు కట్టిన రాయి ఎక్కడో దూరం నుంచి రాలేదు. ఆనేకల్, బన్నేరుఘట్ట, దేవనహళ్లి, చిక్కబళ్ళాపురం, కోలారు వైపు ఏ దారిన వెళ్లినా బండను కోసి వదిలేసిన గుంతలు కనిపిస్తాయి. వాటి పక్కనే తరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబాల పొలాలున్నాయి. ఈమధ్య స్థలాలు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. లీజు ముగిసి క్రషర్ ఆగిపోయాక ఆ నేలను మళ్లీ పచ్చగా చేయాలని ఊరివాళ్లో, లీజుదారో, ఏదో కంపెనీ ఉద్యోగుల బృందమో పూనుకుంటారు. జూన్ 5 దగ్గర పడగానే నర్సరీలో ఏది దొరికితే అది తెచ్చి నాటుతారు. మార్చి వచ్చేసరికి చాలాచోట్ల ఊతకర్రలే మిగులుతాయి.

మొక్కల జాబితా ముందే రాసుకోవడం వల్లే ఇలా జరుగుతోందని నా గట్టి నమ్మకం. క్వారీ నేలలో జాబితా చివరి పని. ముందు నేలను చదవాలి, తర్వాత దగ్గరలో చెక్కుచెదరకుండా ఉన్న కొండను చదవాలి, తర్వాత నేలను వదులు చేయాలి. ఈ మూడూ చేశాక ఏ మొక్క వేయాలో దాదాపు దానంతటదే తేలిపోతుంది. ఈ మార్గదర్శి ఆ వరసలోనే నడుస్తుంది.

చట్టం సంగతి ఒకటి ముందే చెప్పాలి. గని తవ్విన లీజుదారు పని ముగిశాక ఆ నేలలో మళ్లీ గడ్డి మొలిపించి, మేతకూ మొక్కలకూ జంతువులకూ పనికొచ్చేలా చేయాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న ఆదేశించింది. ఆ వెంటనే కేంద్ర పర్యావరణ శాఖ దాన్ని పర్యావరణ అనుమతుల షరతుల్లో చేర్చింది. కోర్టు గడ్డి పేరు ఎత్తడం నాకు ఎంతో నచ్చింది. క్వారీ నేలకు మొదట కావాల్సింది చెట్టు కాదు, గడ్డి.

నేల ఎవరిది, దేనికోసం

పహణి తీసి చూడండి. క్వారీలు చాలావరకు ప్రభుత్వ ఖరాబులోనో (సాగుకు పనికిరాదని రాసిన నేల), గోమాళంలోనో (ఊరి పశువుల మేతనేల), అడవి అంచునో ఉంటాయి. గోమాళమైతే ఊరి పశువుల హక్కు ఉంటుంది. అలాంటిచోట కంచె వేసి చెట్లు నాటితే రెండో నెలలోనే గొడవ మొదలవుతుంది. తహసీల్దారు, పంచాయతీ, గనులు-భూవిజ్ఞాన శాఖ, వీళ్లలో ఎవరి అనుమతి కావాలో తేల్చుకోకుండా ఒక్క గుంత కూడా తీయొద్దు.

తర్వాత ఆ నేల ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. పశువులకు మేతా? పిట్టలు, తేనెటీగలు వచ్చే చిట్టడవా? దుమ్ము ఆపే అడ్డా? పిల్లలు గుంతలో పడకుండా ముళ్లకంచా? ఈ నాలుగింటికీ నాలుగు రకాల మొక్కలు కావాలి. అన్నీ ఒకేచోట సాధించాలనుకుంటే ఏదీ సరిగా దక్కదు.

నేలను చదవడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. క్వారీ అంటే ఒక నేల కాదు, పక్కపక్కనే ఉన్న అయిదారు నేలలు. కాగితం మీద చేత్తోనే పటం గీసి వాటిని విడదీయండి: అడుగున చదునుగా ఉన్న బండ, మెట్లు మెట్లుగా కోసిన బెంచీలు, వేస్టు రాయీ మట్టీ పోసిన దిబ్బ, క్రషర్ పొడి పేరుకున్న చోటు, నీళ్లు నిలిచిన గుంత అంచు, పైన తవ్వకుండా మిగిలిన ఎర్రనేల. ప్రతి ముక్కకూ వేరే పరీక్ష, వేరే మొక్కలు.

ముందు గడ్డపార పరీక్ష. ప్రతి ముక్కలో నాలుగైదు చోట్ల గడ్డపారను బలంగా దించండి. జానెడు కూడా దిగకపోతే అక్కడ వేరూ దిగదు. లారీలు, జేసీబీలు ఏళ్ల తరబడి తిరిగిన చోట మట్టి ఉన్నట్టే కనిపిస్తుంది గానీ అది రాయితో సమానం.

తర్వాత నీటి పరీక్ష. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక మళ్లీ నింపి చూడండి. మర్నాటికీ నీళ్లు అలాగే ఉంటే అడుగున గట్టి పొర ఉంది, వానాకాలంలో వేర్లు కుళ్లిపోతాయి. పది నిమిషాల్లోపే మాయమైతే అది వట్టి రాళ్ల కుప్ప, నీరు పట్టి ఉంచే గుణం లేదు. రెండోది సేంద్రియ ఎరువుతో, చెత్తాకుతో కొంత బాగవుతుంది. మొదటిదాన్ని యంత్రంతో పగలగొట్టక తప్పదు.

మూడోది సీసా పరీక్ష. గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంకమన్ను దాదాపు రోజు తర్వాత. క్రషర్ పొడిలో మెత్తటి రాతిపిండి చాలా ఉంటుంది, బంకమన్ను దాదాపు ఉండదు. అందుకే వాన పడి ఎండగానే అది పైన పెళుసు పొరలా బిగుసుకుంటుంది. గడ్డి మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. అలాంటి చోట విత్తనం చల్లాక పైన పలచగా ఎండుగడ్డి పరవాల్సిందే.

ఇవన్నీ అయ్యాక ల్యాబు పరీక్ష. ప్రతి ముక్కలో ఎనిమిది, పది చోట్ల నుంచి జానెడు లోతు మట్టి తీసి కలిపి, అరకిలో సంచిలో కట్టి ఇవ్వండి. బెంగళూరులో జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్ అడగండి. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువైతే పేదనేల అంటారు. కొత్త వేస్టు దిబ్బ అంతకన్నా ఎంతో కింద ఉంటుంది. రాతిలో పొటాష్ దొరుకుతుంది, భాస్వరమూ కొంత ఉంటుంది. నత్రజని మాత్రం ఉండదు. అది గాలి నుంచి, బతికి చచ్చిన మొక్కల నుంచి రావాల్సిందే. పప్పుజాతి మొక్కలు లేకుండా క్వారీ నేల కోలుకోకపోవడానికి కారణం ఇదే.

ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేదంతా బెంగళూరు చుట్టూ ఉన్న గ్రానైటు, నైసు (చారలుండే గట్టి రాయి) క్వారీల గురించి. ఆ రాతిపొడి సాధారణంగా విషం కాదు, పేదది మాత్రమే. కోలారు బంగారు గనుల దగ్గర ఉన్న సైనైడు దిబ్బల సంగతి పూర్తిగా వేరు. 2001లో మూతబడిన ఆ గనుల ఖనిజంలో గంధకపు సమ్మేళనాలున్నాయి. అలాంటి పొడి గాలికీ నీటికీ ఆమ్లంగా మారుతుంది, లోహాలను కరిగిస్తుంది. లోహాల పరీక్ష చేయించకుండా అక్కడ మేతగడ్డి గానీ పళ్లచెట్టు గానీ వేయొద్దు. బళ్లారి, సండూరు ఇనుప గనుల ఎర్రపొడిలో ఇంకో చిక్కుంది: ఇనుము భాస్వరాన్ని పట్టేసుకుని వదలదు. ఆ జిల్లాల గనులకు సుప్రీంకోర్టు ఆదేశాలతో గనికో పునరావాస ప్రణాళిక తయారుచేయించారు. ఇక్కడి జాబితాను అక్కడికి మోసుకుపోకండి.

దగ్గరలోని కొండను చదవడం

మీ క్వారీకి పది, పదిహేను కిలోమీటర్ల లోపల తవ్వని బండకొండ ఏదో ఉంటుంది. దక్షిణాన తురహళ్లి, మాగడి వైపు సావనదుర్గ, రామనగర బండలు, ఉత్తరాన నందికొండ చుట్టుపక్కల గుట్టలు. వాన పడ్డాక సెప్టెంబరు, అక్టోబరులో ఒకసారి, మండుటెండల్లో మార్చిలో ఇంకోసారి వెళ్లండి. వానాకాలంలో అన్నీ పచ్చగానే ఉంటాయి, అసలు పాఠం మార్చిలో దొరుకుతుంది.

చెట్ల పేర్లు ఒక్కటే రాసుకుంటే చాలదు. ఏది ఎక్కడ నిలబడిందో రాసుకోండి. బండ పగులులో ఏముంది? రాళ్ల మధ్య పిడికెడు మట్టిలో ఏముంది? వాన నీరు జారిపోయే పలకబండ అంచున ఏముంది? వాలు కింద మట్టి చేరిన చోట ఏముంది? పగుళ్లలో మర్రి, జువ్వి, రావి. పలచటి మట్టిలో తంగేడు, బందారు, బోదగడ్డి. కాస్త లోతున్న చోట చిగర, అంకుడు, రేల, తెల్లతుమ్మ. కిందికి దిగేకొద్దీ కానుగ, వేప, నేరేడు. మీ క్వారీ పటంలోని ప్రతి ముక్కకూ ఈ కొండ మీద ఒక జోడీ దొరుకుతుంది. ఆ జోడీయే మీ జాబితా.

క్వారీలో తనంతట తాను మొలిచినవాటినీ వదలొద్దు. పాత దిబ్బ మీద వెంపలి మొక్కను ఒకదాన్ని మెల్లగా పెకలించి వేళ్లు చూడండి. సన్నటి వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అంటే గాలిలోని నత్రజనిని ఆ మొక్క అప్పటికే నేలకు దించుతోందన్నమాట. లోపల పచ్చగానో బూడిదరంగులోనో ఉంటే బుడిపె పని చేయడం లేదు. బుడిపెలే లేకపోతే ఆ నేలలో సరైన సూక్ష్మజీవి లేదు, రైజోబియం అనే ఆ సూక్ష్మజీవిని విత్తనానికి పట్టించాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

నేలను వదులు చేయడం

మొక్కల ఎంపిక గురించి చెబుతూ ఇక్కడ ఆగడానికి కారణముంది. అమెరికాలో 1977లో గనుల పునరుద్ధరణ చట్టం వచ్చాక అపలాచియన్ బొగ్గు ప్రాంతంలో దిబ్బలను యంత్రాలతో నున్నగా, గట్టిగా అణిచి, దట్టంగా గడ్డి చల్లారు. కోత ఆగింది గానీ చెట్లు ఎదగలేదు. గట్టి నేలలో వేరు దిగలేదు, దిగినచోట దట్టమైన గడ్డి నీటిని లాగేసుకుంది. ఆ అనుభవంతో అక్కడి అటవీ నిపుణులు పద్ధతి మార్చారు: కనీసం నాలుగడుగుల వదులు నేల, అణచకుండా వదిలేయడం, చెట్టుతో పోటీపడని పలచటి గడ్డి, తొందరగా ఎదిగే చెట్లతోపాటు నిదానంగా ఎదిగేవీ.

మనకు నాలుగడుగుల మట్టి దొరకడం కష్టం. దొరికిన మట్టిని అంతటా అరడుగు మందాన పరిచేకన్నా, మూడడుగుల ఎత్తు దిన్నెలుగా అక్కడక్కడ పోసి అక్కడే చెట్లు పెంచడం మేలు. మిగతా చోట గడ్డి, పొదలు చాలు. వేస్టు దిబ్బ వాలు ఒక అడుగు ఎత్తుకు రెండడుగుల దూరం, అంటే సుమారు 27 డిగ్రీలు మించకుండా సర్దించండి. లారీ నుంచి ఒంపిన రాళ్లమట్టి 35 డిగ్రీలకు పైగా నిలబడుతుంది, కానీ దాని మీద విత్తనం నిలవదు. వాలుకు అడ్డంగా చిన్న కందకాలు తీయించండి. పాత పైమట్టి కుప్ప ఎక్కడైనా మిగిలి ఉంటే దానికన్నా విలువైనది లేదు. అందులో విత్తనాలు, సూక్ష్మజీవులు ఉంటాయి. అయితే కుప్పలో ఏళ్లు గడిచేకొద్దీ అవి చచ్చిపోతాయి, అందుకే వెంటనే పరిచేయాలి.

ముందు వద్దనుకోవాల్సినవి

సర్కారు తుమ్మ, సుబాబుల్, లంటానా, ఆస్ట్రేలియా తుమ్మ. ఇవి బతుకుతాయి, ఆ బతకడమే చిక్కు. సర్కారు తుమ్మ ఒకసారి పాతుకుంటే పక్క పొలాలకూ చెరువుకూ పాకుతుంది, కింద ఇంకేదీ రానివ్వదు. సుబాబుల్ విత్తనం లెక్కలేనంత రాలుస్తుంది. నీలగిరి నాటడాన్ని కర్ణాటక ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. "ఏదో ఒక పచ్చదనం వస్తే చాలు" అనేవాళ్లు ఇవే తెస్తారు. ఆ మాటకు తలొగ్గవద్దని వేడుకుంటున్నాను. ఆ పచ్చదనాన్ని తర్వాత తీయించడానికి నాటిన ఖర్చుకు ఎన్నో రెట్లవుతుంది.

బెంగళూరు వీధులకు అందం తెచ్చిన టబేబుయా, గుల్‌మొహర్, రెయిన్ ట్రీ కూడా ఇక్కడ వద్దు. వీధిలో వాటికి నీళ్లు పోసేవాళ్లుంటారు.

ఇంకొకటి మియావాకి, అంటే చిన్న చోట మొక్కలను కిక్కిరిసేలా నాటే పద్ధతి. చదరపు మీటరుకు మూడు మొక్కల లెక్కన ఎకరాకు పన్నెండు వేలు నాటించే బృందాలు ఊర్లో చాలా ఉన్నాయి. ఆ పద్ధతికి మీటరు లోతు మంచి మట్టి, రెండు మూడేళ్లు క్రమం తప్పని నీరు కావాలి. బడి ఆవరణలో, పార్కు మూలలో అది చక్కగా పని చేస్తుంది. ఎండకు కాలిపోయే వేస్టు దిబ్బ మీద అంతమందికి తాగడానికి నీరే ఉండదు. అలాంటి నేలకు ఎకరాకు 150 నుంచి 200 చెట్లు చాలనేది నా అంచనా, మిగతాదంతా గడ్డి, పొద.

ముక్క ముక్కకూ మొక్కలు

వేస్టు దిబ్బతో మొదలుపెడదాం, ఎక్కువ విస్తీర్ణం దానిదే. మొదటి ఏడాది గడ్డి, పప్పుజాతి, పొదల విత్తనం మాత్రమే. గడ్డిలో స్థానికమైన బోదగడ్డి, గరిక, అంజన గడ్డి. పప్పుజాతిలో వెంపలి, ఉలవ, జనుము. ఉలవ, జనుము చలికాలం ముగిసేలోపు పని ముగించుకుని ఎండిపోయి నేల మీద కప్పుగా పడతాయి, చెట్టు మొలకలతో పోటీకి రావు. స్టైలో అనే పప్పుజాతి మేతమొక్క దక్షిణ అమెరికాది. మేతే ప్రధానమైన గోమాళంలో కొద్దిగా వాడొచ్చు, చిట్టడవి చేయదలిస్తే మానేయండి. పొదల్లో తంగేడు, బందారు, వావిలి. ఈ మూడింటినీ మేకలు ముట్టవు, కంచె లేని నేలలో ఇంతకన్నా గొప్ప గుణం లేదు.

రెండో ఏడాది నుంచి చెట్లు. దిబ్బకు నా మొదటి ఓటు చిగరకు. అల్బిజియా అమారా అంటే నర్సరీవాళ్లకు తెలుస్తుంది, కన్నడంలో తుగ్గలి అంటారు. దీని ఆకుపొడిని తలంటుకు వాడతారు. నత్రజని కూడగడుతుంది, నీడ పలచగా ఉంటుంది కాబట్టి కింద గడ్డి చావదు, నరికినా మళ్లీ చిగురిస్తుంది. దానితోపాటు తెల్లతుమ్మ, చండ్ర, రేల, మోదుగ. అంకుడును మరిచిపోవద్దు. ఇటు చన్నపట్టణ బొమ్మలకూ అటు ఏటికొప్పాక బొమ్మలకూ కర్ర ఇచ్చేది ఈ చెట్టే. దూదిలాంటి కుచ్చుతో విత్తనం గాలికి ఎగిరి తానే వ్యాపిస్తుంది. క్వారీ నేలలో ఒక మూల పది చెట్లుంటే చాలు, మిగతా పని గాలి చూసుకుంటుంది.

బండ పగుళ్లు, బెంచీలకు వేరే లెక్క. బెంచీ అంచున రాళ్లతో రెండడుగుల గట్టు కట్టి లోపల మట్టి, పశువుల ఎరువు నింపితే తంగేడు, బందారు, బోదగడ్డి వస్తాయి. నల్లేరు, తిప్పతీగ కిందికి వేలాడతాయి. పగుళ్లలో ఏపి వేయండి, హార్డ్‌వికియా బినాటా దాని శాస్త్రీయ నామం, కన్నడంలో కమర. అనంతపురం వైపువాళ్లకు బాగా తెలిసిన చెట్టు. రాతి సందుల్లోకి వేరు దించడంలో దానికి సాటి లేదు. మొదటి ఏళ్లలో పైన కొమ్మ ఎండిపోయినట్టు కనిపిస్తుంది, కింద వేరు దిగుతూనే ఉంటుంది. చచ్చిందనుకుని పీకేయకండి. పొట్టి సంచిలో పెంచితే వేరు చుట్టలు చుట్టుకుంటుంది, కాబట్టి విత్తనాన్ని నేరుగా పగులులో వేయడమో పొడుగు సంచి వాడడమో చేయాలి. ఏపి ప్రతి ఏడాదీ సరిగా కాయదు. కాసిన ఏడాది ఎక్కువ సేకరించి పెట్టుకోండి.

రాతి గోడనంతా పచ్చబరచాల్సిన పనిలేదు. నిటారు బండ అరుగుల మీద కొమ్ముల గుడ్లగూబలు గూడు పెట్టుకుంటాయి, బండబల్లులు ఎండ కాచుకుంటాయి. ఒక పక్క గోడను వాటికి అలాగే వదిలేయండి.

నీళ్లు నిలిచే గుంత అంచున కానుగ, నేరేడు, మేడి, తెల్లమద్ది, కాస్త పైన వట్టివేరు వరస. నీరు ఏడాదిలో ఎంత ఎత్తుకు వస్తుందో బండ మీది మరక చూసి, ఆ గీత నుంచి పైకే చెట్లు వేయండి. గుంత లోతుగా, నిటారుగా ఉంటే అందరికన్నా ముందు వేయాల్సింది ముళ్లకంచె: గచ్చకాయ, వాక, కిత్తనార. అడుగుకు ఒకటి చొప్పున రెండు వరసలు, అటూ ఇటూ తప్పించి. ఈతకు దిగి పిల్లలు మునిగిపోయిన వార్తలు ప్రతి వేసవిలో చదువుతున్నాం. కంచె ఎదిగేవరకు ఇనుప కంచె కూడా ఉండాల్సిందే.

పక్కన క్రషర్ ఇంకా నడుస్తుంటే ఆ వైపు నున్నటి ఆకులున్న కానుగ, వేప, నేరేడు దట్టంగా మూడు వరసలు. నున్నటి ఆకు మీది దుమ్మును వాన కడిగేస్తుంది.

శ్రీగంధం అడిగేవాళ్లు చాలామంది. అది పక్క మొక్కల వేళ్ల నుంచి ఆహారం లాక్కుని బతికే చెట్టు. చుట్టూ పొదలు, చెట్లు నిలదొక్కుకున్నాక పిట్టలే దాని విత్తనం తెస్తాయి. అందుకే మొదటి ఏడాదే అక్కడక్కడ వెదురు గెడలు పాతి అడ్డకర్ర కట్టండి. పిట్టలు వాలి మర్రి, వేప, నేరేడు విత్తనాలు రాలుస్తాయి. లంటానా కూడా తెస్తాయి, కాబట్టి గెడల కింద ఏడాదికి రెండుసార్లు ఏరివేత తప్పదు.

విత్తనం ఎంత, ఎలా

దిబ్బ మీద ఎకరాకు మొదలుపెట్టడానికి ఈ పాళ్లు వాడండి: ఉలవలు 6 కిలోలు, జనుము 3, తంగేడు 1, వెంపలి అరకిలో, బందారు పావుకిలో, అంజన గడ్డి 1 కిలో. బోదగడ్డి గింజ విడదీయడం కష్టం కాబట్టి, కంకి పండినప్పుడు గడ్డినే కోసి తెచ్చి పలచగా పరిచేయండి, గింజ అక్కడే రాలుతుంది. ముందు ఏడాది పది సెంట్లలో ఈ పాళ్లు వేసి చూసి, ఏది మొలిచిందో దాన్నిబట్టి పెంచడం తగ్గించడం చేయాలి. ఉలవను పెంచాలనే ఆశ పుడుతుంది, పచ్చదనం వెంటనే కనిపిస్తుంది కదా. పెంచకండి, దాని కింద గడ్డి మొలకకు వెలుతురు అందదు.

విత్తనం కొనేటప్పుడు కిలోను కాదు, బతికే గింజను లెక్కపెట్టాలి. గడ్డి విత్తనంలో పొల్లు, పుల్ల చాలా ఉంటాయి. శుద్ధి 70 శాతం, మొలక 40 శాతం అయితే కిలోలో నిజంగా మొలిచేది 280 గ్రాములే. మీకు 2 కిలోల బతికే గింజ కావాలంటే 7 కిలోలకు పైగా కొనాలి. మొలక శాతం ఇంట్లోనే చూడొచ్చు: తడి గోనెగుడ్డలో వంద గింజలు చుట్టి నీడలో పెట్టి, రెండు వారాల్లో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. అంజన గడ్డి గింజ కోసిన వెంటనే సరిగా మొలవదు, కొన్ని నెలలు నిద్రలో ఉంటుంది. కిందటేడు కోసినదే అడగండి.

తంగేడు, తెల్లతుమ్మ, రేల, బందారు గింజలకు పెంకు గట్టిది. నీళ్లు మరిగించి దించి, గింజలు వేసి రాత్రంతా ఆ నీళ్లలోనే చల్లారనివ్వండి. ఉబ్బినవి తీసి విత్తండి, ఉబ్బనివాటికి మళ్లీ ఒకసారి. సగం గింజలను ఇలా వేడినీళ్లలో నానబెట్టకుండానే చల్లడం నాకు ఇష్టం. మొదటి వాన మోసం చేసినా అవి వచ్చే ఏడాదికి మొలుస్తాయి. వేపగింజ దీనికి పూర్తిగా వ్యతిరేకం, రెండు మూడు వారాల్లో ప్రాణం పోతుంది. పండు ఏరిన వారంలోనే విత్తాలి. నేరేడూ అంతే. పప్పుజాతి గింజలకు చల్లారిన బెల్లం నీళ్లలో రైజోబియం కలిపి పట్టించి, నీడలో ఆరబెట్టి అదేరోజు చల్లండి. ఎండలో ఆరబెడితే ఆ సూక్ష్మజీవి చచ్చిపోతుంది.

మంచి స్థానిక మొక్కలు నర్సరీలో దొరకవన్నది నిజమే. గురుగ్రామ్‌లో పాత గనుల నేలను ఆరావళి బయోడైవర్సిటీ పార్కుగా మార్చినవాళ్లు కూడా అక్కడి కొండల మొక్కలను సొంత నర్సరీలో పెంచుకోవాల్సి వచ్చింది. పది సెంట్ల నీడపందిరి, ఒక మనిషి ఉంటే ఊరి దగ్గరే మీరూ చేసుకోవచ్చు. అడవిలో విత్తనం ఏరాలంటే అటవీశాఖ అనుమతి అడగండి. ఊరి గుండుతోపులో, రోడ్డు పక్కన ఏరడం తేలిక.

ఎప్పుడు

బెంగళూరుకు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వాన. మే నెలలో ఒక ఊపు, ఆగస్టు నుంచి అక్టోబరు వరకు పెద్ద ఊపు, నడుమ జూన్, జులైలలో గాలులు ఎక్కువ, వాన తక్కువ. మే వాన చూసి గడ్డి చల్లితే మొలక ఆ నడిమి ఎండలో మాడిపోయే ప్రమాదముంది. పెంకు గట్టిగా ఉన్న చెట్ల గింజలు మే చివర, గడ్డి, పప్పుజాతి జులై ఆఖరులో, సంచి మొక్కలు జులై, ఆగస్టుల్లో. సెప్టెంబరు దాటాక సంచి మొక్క నాటొద్దు, వేసవి లోపు వేరు దిగే వ్యవధి ఉండదు. కోలారు వైపు వాన ఇంకా తక్కువ, అక్కడ చెట్ల సంఖ్యను మూడో వంతు తగ్గించండి. చెన్నై వైపు ఇదే పని చేసేవాళ్లకు పెద్దవాన అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, కాబట్టి విత్తడం సెప్టెంబరు చివరికి జరపాలి.

తర్వాతి మూడేళ్లు

పశువుల కాపర్లతో ముందే మాట్లాడండి. రెండేళ్లు మేపకుండా, గడ్డి కోసుకుపోవడానికి మాత్రం ఒప్పుకుంటే చాలామంది సరేనంటారు. కోతా కొడవలితోనే, జానెడు ఎత్తు వదిలి. గడ్డి ఎండిన ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు నిప్పు భయం ఎక్కువ. జనవరి ఆఖరుకల్లా చుట్టూ పదడుగుల వెడల్పున గడ్డి చెక్కేయించండి.

సర్కారు తుమ్మ మొలకలు ఎలాగూ వస్తాయి. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, మోకాలెత్తు దాటకముందే, వేరుతో సహా లాగేయాలి. పైన నరికితే మొదట్లోంచి పది కొమ్మలై లేస్తుంది.

ప్రతి ముక్కలో మీటరు చదరాన్ని రాళ్లతో గుర్తు పెట్టి, ఏటా జనవరిలో ఒకసారి, తొలివానల తర్వాత జూన్‌లో ఒకసారి అందులో ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అదే చోట నిలబడి ఫొటో తీయండి. అక్టోబరు పచ్చదనం చూసి మురిసిపోవద్దు, మొదటి వేసవి దాటినవే లెక్క. మీరు చల్లని మొక్క ఏదైనా ఆ చదరంలో కనిపిస్తే దాని పేరు తెలుసుకుని రాసుకోండి. పోయిన మొక్కల చోట మళ్లీ అదే మొక్క వేయకుండా, పక్కన బాగా వచ్చినదాని విత్తనమే వేయండి. ఆ విత్తనం ఏరడానికి నెలలు ఇవి: బోదగడ్డి నవంబరు, డిసెంబరు, చిగర, అంకుడు, తంగేడు, బందారు చలికాలం నుంచి మార్చి లోపల, కానుగ, ఏపి ఏప్రిల్, మే, మోదుగ మే, జూన్, వేప, నేరేడు జూన్, జులై.